సగము వినిన మాట



భారతము చదివినవారికిని, పురాణకాలక్షేపములో వినినవారికిని ద్రోణపర్వమందలి ఒక ఘట్టము చిరపరిచితము. యుద్ధరంగమున అశ్వత్థామ యను పేరుగల ఏనుగు చంపబడినది. అదే పేరుగల కుమారుని తండ్రియైన ద్రోణాచార్యుడు, అసత్యమాడడని పేరుపడిన ధర్మరాజును నిజమడిగెను. ధర్మరాజు చావుమాటను స్పష్టముగా పలికి, ఏనుగన్న మాటను అస్పష్టముగా పలికెను. ఆచార్యుడు వినినది సగము. ఆ సగమునే పూర్ణమని నమ్మి అస్త్రసన్న్యాసము చేసెను, ప్రాణము పోగొట్టుకొనెను.

అక్కడ తక్కిన సగము కావలెననియే మ్రింగబడినది. వంచన లేశమైనను లేనిచోట, చెప్పువారును వినువారును తమ విద్యలో ఆరితేఱినవారై యుండగా, ఒకరి కీడు ఒకరు కోరకుండగా, ఇట్టి సగము మాటయే వందలమందిని పొట్టన పెట్టుకొనిన సందర్భములు కలవు. అవి విమానాశ్రయములలో జరిగినవి. నేటి ఉపన్యాసమునకు అదియే విషయము.

విమానముల ముచ్చట పల్లెటూరి గ్రంథాలయమున కేల యని యొకరిద్దఱు తలంపవచ్చును. గల్ఫు దేశములకు పనికై పోయిన కొడుకుగాని, అమెరికాలో చదువుచున్న మనుమరాలుగాని లేని గ్రామము తెలుగునాట నేడు అరుదు. వారిని సాగనంపిన తల్లిదండ్రులు ఆకాశమువంక చూచి దండము పెట్టుదురు. గండము ఆకాశమందే కాదు, నేలమీదను కలదని పెక్కుమంది ఎఱుగరు.

విమానము పరుగెత్తి లేచుటకును, దిగి నిలుచుటకును వేసిన తిన్నని బాటను రన్‌వే యందురు. పెద్ద విమానములు దిగుచోట్ల అది సాధారణముగా రెండుమూడు కిలోమీటర్ల పొడవుండును. విమానములు నిలుచు చోటునుండి దానిని చేరుటకు వేసిన ప్రక్కబాటలు టాక్సీవేలు. రన్‌వేకు ప్రధాననియమ మొక్కటే: అనుమతి పొందిన విమానము తప్ప వేఱొకటి దానిపై నుండరాదు. ఎడ్లబండ్లు రెండు డొంకలో ఎదురుపడినచో ఒకటి గట్టెక్కి తొలగును. గంటకు 250 కిలోమీటర్ల వేగమందుకొనిన విమానమునకు తొలగుటకు గట్టు లేదు. ఆగుటకు నేల చాలదు. ఆ బాటపై హక్కు ఎవరిదో ఎప్పటికప్పుడు చెప్పువాడు టవరులోని కంట్రోలరు. అతడు చెప్పునది ప్రధానముగా రేడియోలో, నోటిమాటగా.

ఈ రేడియో టెలిఫోను వంటిది కాదు. అచ్చటి విమానములును కంట్రోలరును ఒకే తరంగముపై మాటాడుదురు. మీట నొక్కినవాడు మాటాడును, తక్కినవారు విందురు. మీట నొక్కియున్నంతసేపు వానికి ఆ తరంగముపై ఇతరుల మాట వినబడదు. ఇద్దఱు ఒకేసారి నొక్కినచో, వినువారి చెవికి రెండు మాటలకు బదులు ఒక కీచుధ్వని సోకును. మాటాడిన యిద్దఱును తమ మాట చేరినదనియే తలతురు.

ఇంకొక సంగతి. బయలుదేరు విమానమునకు అనుమతులు రెండు. లేచిన పిమ్మట ఏ దారిని, ఎంత యెత్తున పోవలెనో తెలుపునది మొదటిది. ఇప్పుడు లేవవచ్చునని తెలుపునది రెండవది; దానినే టేకాఫ్ అనుమతి యందురు. పొలము కొలిచి హద్దులు చూపుట వేఱు, పొలము స్వాధీనము చేయుట వేఱు. హద్దులు చూపగానే నాగలి కట్టినవాడు తగవు తెచ్చుకొనును. రన్‌వేపై అదే పొరపాటు తగవుతో పోదు.

1977వ సంవత్సరము మార్చి 27, ఆదివారము. ఆఫ్రికా ఖండమునకు వాయవ్యముగా అట్లాంటిక్ సముద్రములో స్పెయినుకు చెందిన కెనరీ ద్వీపములు కలవు. అందు గ్రాన్ కెనేరియా విమానాశ్రయమున బాంబు ప్రేలుటచే, అచ్చటికి రావలసిన విమానములను ప్రక్కదీవియైన టెనెరిఫేలోని లోస్ రోడియోస్ అను చిన్న విమానాశ్రయమునకు మళ్ళించిరి. వానిలో రెండు బోయింగ్ 747 రకపు మహావిమానములు. ఒకటి ఆంస్టర్‌డామ్‌నుండి వచ్చిన కె.ఎల్.ఎమ్. అను డచ్చి కంపెనీది. రెండవది లాస్ ఏంజెలిస్‌నుండి న్యూయార్కు మీదుగా వచ్చిన పాన్ అమెరికన్ కంపెనీది.

ఆ చిన్నచోట విమానములు క్రిక్కిఱిసి టాక్సీవే మూసికొనిపోయినది. కనుక బయలుదేరవలసిన విమానములు రన్‌వేమీదనే చివరివఱకు నడచి, అచ్చట వెనుకకు తిరిగి లేవవలసి వచ్చెను. సాయంకాలమునకు కొండప్రాంతమందలి ఆ మైదానమును మబ్బు క్రమ్మినది. విమానములకు ఒకటి నొకటి కానరాదు. టవరునకు రెండును కానరావు. నేలమీది విమానములను చూపు రాడారు అచ్చట లేదు. మిగిలినది మాట యొక్కటే.

డచ్చి విమానము ముందు నడచి, చివరకు చేరి, తిరిగి నిలిచెను. అమెరికా విమానము దాని వెనుక అదే బాటపై వచ్చుచుండెను. ఎడమవైపు మూడవ దారిలో తొలగిపొమ్మని దానికి ఆజ్ఞ. మొదటిదా, మూడవదా యను సందేహము ఆ చోదకులకు కలుగగా, కంట్రోలరు ఒకటి, రెండు, మూడు అని లెక్కించి చెప్పెను. అయినను వారు మబ్బులో ఆ దారిని దాటి నాలుగవదాని వైపు సాగుచుండిరి.

డచ్చి కెప్టెను ఇంజనుల వేగము పెంచబోగా, ఇంకను అనుమతి రాలేదని సహచోదకుడు హెచ్చరించెను. కెప్టెను ఆగి, అడుగుమనెను. సహచోదకుడు తాము టేకాఫునకు సిద్ధమనియు, అనుమతికై వేచియున్నామనియు రేడియోలో చెప్పెను. కంట్రోలరు మొదటి అనుమతిని, అనగా దారికి సంబంధించినదానిని, చదివెను. లేచిన పిమ్మట కుడివైపు తిరుగవలెనని చెప్పుచోట అందులో టేకాఫ్ అను మాట దొరలినది. సహచోదకుడు దానిని తిరిగి అప్పగించుచుండగనే కెప్టెను బ్రేకులు వదలెను. విమానము కదలినది. సహచోదకుడు తన అప్పగింత చివర, ఇప్పుడు టేకాఫ్ వద్ద ఉన్నామను అర్థమిచ్చు ఇంగ్లీషు మాట యొకటి చేర్చెను.

ఆ మాటకు అర్థమేమి? లేచుటకు పరుగు సాగించితిమని చెప్పినవాని భావమైయుండవచ్చును. లేచుచోట నిలిచి సిద్ధముగా నున్నారని కంట్రోలరు గ్రహించెను. జరుగుచున్న పనిని తెలుపు డచ్చి నుడికారము ఇంగ్లీషులో ఆ రూపము దాల్చినదని కొందఱు భాషావేత్తల వివరణ. ఇంటిభాష డచ్చి యైనవాడు ఇంగ్లీషులో చెప్పెను. ఇంటిభాష స్పానిషు అయినవాడు ఇంగ్లీషులో వినెను. మాట ఒక్కటే; అది రెండు చెవులలో రెండు విధములుగా నిలిచినది.

కంట్రోలరు ఓకే యనెను. రెండు సెకండ్లు ఆగి, టేకాఫునకు వేచియుండుడు, పిలిచెదను అనెను. సరిగా ఆ సమయముననే అమెరికా చోదకులు కీడు శంకించి, తామింకను రన్‌వేమీదనే నడచుచున్నామని రేడియోలో చెప్పిరి. రెండు మీటలు ఒకేసారి నొక్కబడినవి. డచ్చి విమానములో స్పష్టముగా వినబడినది ఓకే యను మాట. దాని వెనుక కొన్ని సెకండ్ల కీచుధ్వని. వేచియుండుడను మాటయు, ఇంకను ఇచ్చటనే యున్నామను మాటయు ఆ రొదలో అస్పష్టమైపోయినవి. ఏనుగన్న మాట మఱల వినబడకపోయెను.

అప్పటికిని ఒక్క అవకాశము మిగిలియుండెను. బాట వదలిన పిమ్మట తెలుపుడని కంట్రోలరు అమెరికా విమానముతో ననెను, తెలుపుదుమని వారనిరి. ఈ మాటలు డచ్చి విమానములో వినబడుటకు వీలుగా నుండెను. వెనుక కూర్చున్న ఇంజనీరు వానిని గమనించి, ఆ పాన్ అమెరికన్ ఇంకను తొలగలేదా యని యడిగెను. తొలగినదని కెప్టెను దృఢముగా ననెను. ఇంజనీరు మఱి మాటాడలేదు. ఆ కెప్టెను సామాన్యుడు కాడు. ఆ కంపెనీలో 747 చోదకులకు శిక్షణ నిచ్చువారిలో పెద్ద. కంపెనీ ప్రకటనలలో అతని బొమ్మయే వేయుచుండిరి. అంతటివాడు ఔనన్న తరువాత చిన్నవాడు రెండవమారు అడుగుట యెట్లు?

కొన్ని సెకండ్లకు మబ్బులోనుండి ఎదుటి విమానము బయటపడెను. డచ్చి కెప్టెను విమానమును పైకి లేవనెత్తజూచెను. అమెరికా కెప్టెను బాట ప్రక్కకు తిప్పజూచెను. కాలము చాలలేదు. డచ్చి విమానములోని 248 మందియు, అమెరికా విమానములోని 396 మందిలో 335 మందియు, మొత్తము 583 మంది మరణించిరి. 61 మంది ప్రాణములతో బయటపడిరి. విమానయాన చరిత్రలో ఇంతమందిని బలిగొనిన ప్రమాదము వేఱొకటి లేదు.

అనుమతి లేక బయలుదేరుటయే మూలకారణమని స్పెయిను విచారణాధికారులు నిర్ణయించిరి. ఇరువైపుల కలిగిన అపార్థమును కూడ లెక్కింపవలెనని డచ్చివారు వాదించిరి. తప్పెవరిదను వాదము అట్లుండగా, మాట విషయమున లోకమునకు కొంత బుద్ధి వచ్చినది. టేకాఫ్ అను మాటను ఆ అనుమతి నిచ్చునపుడును, దానిని రద్దుచేయునపుడును తప్ప రేడియోలో పలుకరాదని నియమమేర్పఱచిరి. తక్కినచోట్ల డిపార్చర్ అనవలెను. రన్‌వేకు సంబంధించిన ఆజ్ఞలకు ఊరక సరే యనిన చాలదు. ఆజ్ఞను తిరిగి అప్పగింపవలెను. ఆజ్ఞ యిచ్చినవాడు ఆ అప్పగింతను చెవియొగ్గి వినవలెను; తప్పున్నచో అప్పుడే దిద్దవలెను. చిన్నవాడు సందేహము వెలిబుచ్చుట అవిధేయత కాదు, అతని విధి యని చోదకుల శిక్షణలో చేర్చిరి. విదురుడు ధృతరాష్ట్రునికి ఒక్కమారు చెప్పి ఊరకుండలేదు. ఇంజనీరు నోట మఱియొకమారు ఆ ప్రశ్న వచ్చునట్టి అలవాటు ఆనాడే యుండినచో, ఏమి జరిగియుండునో యని తలంచినవారి మనస్సు కలుక్కుమనును.

అక్షరములకును అంకెలకును ఇట్టి జాగ్రత్త అంతకుముందే మొదలైనది. ఇంగ్లీషు అక్షరములు కొన్ని రేడియో రొదలో ఒకదానివలె ఒకటి వినబడును. అందుచే 1956 నుండి అంతర్జాతీయముగా ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క పేరు నిలిచినది: ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా ఈ వరుసలో. తొమ్మిదిని ఐదుగా వినకుండుటకు నైన్ అనక నైనర్ అందురు. ఐదును ఫైఫ్ అందురు. రన్‌వేమీదికి వచ్చి నిలిచి వేచియుండుమనుటకు అమెరికాలో ఒక మాట, తక్కిన దేశములలో ఇంకొక మాట చాలకాలము వాడుకలో నుండెను. 2010లో అమెరికా తన పాతమాటను విడిచి లోకమంతటి మాటను గ్రహించినది. పూర్వము పుట్టి యన్నను, కుంచమన్నను సీమకొక కొలతయై పొరుగూరివాడు మోసపోయినట్లు భ్రమించుట పెద్దలు వినియే యుందురు. కొలతకు వలెనే మాటకును ఒక్కటే ప్రమాణముండవలెను.

నియమములు వచ్చినవి గదా, గండము గడచినదా యన్నచో, గడవలేదు. 2001 అక్టోబరు 8వ తేదీ ఉదయము ఇటలీలోని మిలాను నగరమున, లినాటే విమానాశ్రయమును దట్టమైన పొగమంచు కప్పినది. ఆర్ 5 అను టాక్సీవేను పట్టవలసిన ఒక చిన్న విమానము ఆర్ 6 పట్టినది. త్రోవలో ఆ చోదకుడు తాను ఎస్ 4 అను గుర్తును సమీపించుచున్నట్లు రేడియోలో తెలిపెను. ఆ గుర్తు నేలమీద వ్రాసియున్నది. కంట్రోలరు చూచు పటములో లేదు. విమానము ఉండవలసినచోటనే యున్నదను తలంపుతో అతడు ముందుకు సాగనిచ్చెను. అది రన్‌వేమీదికి పోయినది. లేచుటకు పరుగెత్తుచున్న పెద్ద విమానము దానిని ఢీకొని, ప్రక్కనున్న సామానుల కట్టడములోనికి దూసికొనిపోయెను. నేలమీదనున్న నలుగురితో కూడ 118 మంది మరణించిరి. హద్దురాయి పొలములో నుండి పటములో లేకపోయిన కలుగు అనర్థము భూమి లెక్కలెఱిగినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. గుర్తు పేరు చెవిని పడియు అది ఎచ్చటిదో తెలియనప్పుడు, ఎచ్చట నున్నావని మఱల నడుగుట యొక్కటే మార్గము.

ఇటీవలిది 2024 జనవరి 2వ తేదీ నాటిది. ముందునాడు జపానులోని నోటో ద్వీపకల్పమును భూకంపము కుదిపినది. బాధితులకు సామగ్రి చేర్చుటకై సముద్రతీర రక్షకదళపు విమానమొకటి టోక్యోలోని హనేడా విమానాశ్రయమున బయలుదేరుటకు సిద్ధమయ్యెను. బయలుదేరు వరుసలో నీదే మొదటి సంఖ్య యని తెలుపుచు, రన్‌వే అంచునందలి సి 5 అను ఆగుచోటికి పొమ్మని కంట్రోలరు ఆజ్ఞ యిచ్చెను. ఆ చోదకులు ఆగుచోటి పేరును, మొదటి సంఖ్యను సరిగానే తిరిగి అప్పగించిరి. అప్పగించియు, రన్‌వేలోనికి పోవుటకే తమకు అనుమతి వచ్చినదని తలంచి, దానిమీదికి పోయి నలుబది సెకండ్లపాటు నిలిచిరి. అదే బాటపై దిగుటకు అనుమతి పొందిన జపాన్ ఎయిర్‌లైన్స్ విమానము వచ్చి ఢీకొనినది. రక్షకదళపు ఆఱుగురిలో ఐదుగురు మరణించిరి. పిమ్మట జపాను ప్రభుత్వము వరుససంఖ్యను రేడియోలో చెప్పుటను కొంతకాలము ఆపించెను.

ఇందలి పాఠము టెనెరిఫే పాఠముకంటె సూక్ష్మమైనది. అక్కడ మాట వినబడలేదు, ఇక్కడ వినబడినది. అక్కడ అప్పగింతలో కొత్త మాట చేరినది. ఇక్కడ అప్పగింత తిన్నగనే యున్నది. మాట పెదవిమీద ఒక అర్థముతోను, మనస్సులో ఇంకొక అర్థముతోను నిలిచినది. మొదటివాడవన్న మాట త్వరపడువాని చెవికి పొమ్మన్నట్లు తోచుట వింత కాదు. పాఠము వల్లెవేసిన పిల్లవాడు అర్థమడిగిన తెల్లబోవుట బడిలో నిత్యము జరుగుచున్నదే. కనుకనే నేడు మాటకు తోడుగా చూపును కూడ నియమించుచున్నారు. పెక్కు విమానాశ్రయములలో రన్‌వే అంచున నేలలో ఎఱ్ఱదీపముల వరుస అమర్తురు. నోట అనుమతి వచ్చినను, ఆ ఎఱ్ఱదీపములు వెలుగుచున్నంతవఱకు దాటరాదు. సందేహము వచ్చినచో ఆగి అడుగవలెను.

ఆ దినమందే హనేడాలో మఱియొకటి కూడ జరిగినది. దానిని చెప్పక విడుచుట న్యాయము కాదు. మండుచున్న పెద్ద విమానములో 379 మంది కలరు. లోపల ప్రకటనలు చేయు యంత్రము చెడిపోయినది. పరిచారకులు చేతి మైకులతోను, వట్టి గొంతుకలతోను, ఏ ద్వారమున పోవలెనో, ఏ ద్వారమున పోరాదో చెప్పిరి. ప్రయాణికులు ఆ మాట వినిరి. పెట్టెల కొఱకు పెనగులాడలేదు. ఆ 379 మందియు బ్రదికి బయటపడిరి. మాట తప్పుగా చేరుటచే ఐదుగురు పోయినచోటనే, మాట సరిగా చేరుటచే నాలుగువందలకు చేరువ ప్రాణములు నిలిచినవి.

పూర్వమునుండి దస్తావేజు వ్రాయువారి పద్ధతి యొకటి కలదు. రొక్కమును అంకెలలో వేసి, అక్షరాల అని మఱల వ్రాయుదురు. సర్వే నంబరుతో తృప్తిపడక నాలుగు దిక్కుల హద్దులు చెప్పుదురు. అంతయు వ్రాసిన పిమ్మట చదివి వినిపించి, వ్రాయించువాడు ఒప్పుకొనిన తరువాతనే వ్రాలు చేయింతురు. ఒకే సంగతిని ఇన్నిమార్లు చెప్పుట చాదస్తమని నవ్వు పడుచువారు కలరు. లక్షల రూపాయల విమానవిద్య, ఎందఱనో పోగొట్టుకొని, చివరకు చేరినది ఈ చాదస్తమునకే: చెప్పుము, తిరిగి చెప్పించుకొనుము, అర్థమైనదని తెలిసిన పిమ్మట కదలుము.

ఊరిలో విమానములు లేకపోవచ్చును, మాటలు కలవు. మందుచీటీమీద పూటకెన్ని మాత్రలో సగము విని వచ్చువారు కలరు. కాలువనీరు ఏ నాటి రాత్రి ఏ చేనికో సగము విని పాఱలెత్తువారు కలరు. కరెంటు తీసితినన్న మాట ఏ లైనుకో తెలిసికొనక స్తంభమెక్కువారు కలరు. అట్టివారందఱికిని టెనెరిఫే దూరదేశము కాదు.

ఈ గ్రంథాలయమున మాటకు అర్థము తెలియనివాడు నిఘంటువు తెఱచి చూచును. అందుకు ఎవరును వానిని ఎగతాళి చేయరు. అదే మర్యాద నోటిమాటకును చెల్లవలెను. సగము వినినవాడు మఱల నడుగుటకు సిగ్గుపడరాదు. అడిగించుకొనినవాడు, ఎంత పెద్దవాడైనను, విసుగుకొనరాదు. డచ్చి విమానములో ఇంజనీరు అడిగిన ప్రశ్న సరియైనది. దానికి కావలసిన జవాబు తొలగినదని కాదు. ఆగుము, కనుగొందము అని.

స్వస్తి.